నీళ్ళలో బర్రె, వాకిట్లో కారు

“నీళ్ళలో బర్రెను పెట్టి బేరమాడినట్లు” అను సామెత నెరుగనివారు తెలుగునాట అరుదు. చెరువులో మెడవరకు మునిగియున్న బర్రె కొమ్ములు కనబడును, కండ్లు కనబడును. కాలు కుంటిదో, పొదుగు ఎండినదో కనబడదు. అమ్మువానికి సర్వము తెలియును. కొనువానికి కొమ్ములు మాత్రమే తెలియును. ఈ సామెత చెప్పిన పెద్దలకు మోటారు కారు తెలియదు. అయినను పాత కారు అమ్మకమునందలి చిక్కునంతయు వారా యొక్క మాటలో ఇమిడ్చి పోయిరి.

చెన్నూరు గోదావరి చెంతనున్న ప్రాచీనమైన ఊరు. 2016వ సంవత్సరము వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండి, అటుపిమ్మట మంచిర్యాల జిల్లాలో చేరినది. ఇచ్చట నది ఉత్తర దిశగా ప్రవహించుటచే యాత్రికులు దీనిని పుణ్యతీర్థముగా నెంతురు. మంచిర్యాల నుండి వచ్చు 63వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా ప్రాణహిత వైపునకును, దాని కావల మహారాష్ట్రములోని సిరొంచకును సాగును. బొగ్గు లారీలు, ఆర్టీసీ బస్సులు, పత్తి నింపుకొన్న ట్రాక్టర్లు, మోటారు సైకిళ్ళు ఈ దారిని పోవుచుండును. టాపు మడిచివేసి, గాలికి జుట్టెగురుచుండగా నడుపుకొనెడి స్పోర్ట్సు కారు ఈ దారిలో కనబడినచో కోళ్ళ మందలో నెమలి చొరబడినట్లే యుండును.

అట్టి కారొకటి ఈ ఊరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని వాకిట్లో, వేపచెట్టు నీడను నిలిచియున్నదని ఊహింపవచ్చును. ఈ మాస్టారు కల్పితుడే. కాని ఆయనకు ఎదురగు చిక్కులు కల్పితములు కావు. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగమున చేరిన క్రొత్తలో ముచ్చటపడి ఆ కారును కొనెను. విదేశమునకు పోవుచు, “బాపూ, దీన్ని మంచి ధరకు అమ్మేయి” అని తాళము తండ్రి చేతిలో బెట్టి పోయెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారికి కారు అమ్ముట కూడ ఒక లెక్కవలెనే తోచినది. ఎంతకు అమ్మవలె నన్నది అందులో చిన్న లెక్క. ఏమి చెప్పి అమ్మవలె నన్నది పెద్ద లెక్క.

టాపు పోయి ముచ్చట మిగిలినది

మోటారు కార్లు పుట్టిననాడు అవి యన్నియు దాదాపు టాపు లేనివే, లేదా గుడ్డ టాపువే. గుఱ్ఱపుబండి నుండి గుఱ్ఱమును విప్పి యంత్రమును పెట్టినట్లుండెడివి. రేకు కప్పు, అద్దపు కిటికీలు గల మూసిన కార్లు 1920లలో గాని సామాన్యులకు అందుబాటు కాలేదు. మూసిన కారు చౌకగా దొరకుట మొదలైన పిమ్మట తెరచిన కారు అవసరమునకు గాక ఉల్లాసమునకు గుర్తయ్యెను. ఇంగ్లండులోని ఎం.జి. కంపెనీ 1945 నుండి 1949 వరకు తయారుచేసిన టి.సి. అను రెండు సీట్ల కార్లు సుమారు పదివేలు మాత్రమే. అయినను వానిలో పెక్కు కడలి దాటిపోయి ఈ జాతి కార్లపై మోజును దూరదేశములకు వ్యాపింపజేసినవి. జపానులోని మాజ్దా కంపెనీ 1989లో తెచ్చిన ఎం.ఎక్స్.-5 అను కారు 2016వ సంవత్సరమున పదిలక్షల సంఖ్యను చేరుకొన్నది.

భారతదేశమున ఈ జాతి ఎన్నడును వర్ధిల్లలేదు. 1990ల చివర గోవాలో శాన్ మోటార్సు వారు “స్టార్మ్” అను పేర టాపు మడిచెడి చిన్న కారు నొకదానిని తెచ్చిరి. దాని దేహము ఇనుప రేకుతో గాక ఫైబరు గ్లాసుతో చేయబడినది. అదియు అరుదుగనే కనబడును. కారణములు వెదకనక్కరలేదు. ఎండకాలమున బొగ్గు గనుల సీమలో మధ్యాహ్నమున టాపు తెరచుట సాహసము, వర్షకాలమున అవివేకము. మిగిలిన నాలుగు నెలలు హాయిగ నుండును గాని, రెండే సీట్లున్న కారులో నలుగురున్న కుటుంబము పట్టదు. కాబట్టి ఇట్టి కారును కోరువారు కొద్దిమంది. అమ్మబూనినవాడు కొద్దిమందిలో ఒకనికొఱకు ఎదురుచూడవలెను.

ఎదురుచూచుటయు ఖర్చులేని పని కాదు. నిలిపియుంచిన కారు నిలకడగ నుండదు, దినదినము క్షీణించును. బ్యాటరీ చచ్చును, టైర్లు ఒకవైపు అణగి గట్టిపడును, పెట్రోలు జిగురుకట్టును, రబ్బరు పగులును. దీనికి హైదరాబాదు చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణించిన పిదప ఆయన మనుమడు ముకర్రం జాకు సంక్రమించిన గ్యారేజీలో సుమారు అరువది కార్లుండగా, నాలుగు మాత్రమే నడచు స్థితిలో నుండెనని చరిత్రకారుడు విలియం డాల్రింపుల్ వ్రాసెను. పట్టాభిషేకానంతరము క్రొత్త నిజామును గొనిపోవలసిన కారే చెడిపోయి నిలిచెనట. అంతటి సంస్థానాధిపతి గ్యారేజీలోనే త్రుప్పు జాలి చూపనప్పుడు మాస్టారి వాకిట్లో చూపునా?

ఎద్దునకు పళ్ళు, కారునకు టైర్లు

అంగడిలో ఎద్దును కొనువాడు ముందుగ నోరు తెరచి పళ్ళు చూచును. రెండు పళ్ళా, నాలుగా, ఆరా, లేక కడపళ్ళు కూడ వచ్చినవా యన్నదానినిబట్టి వయస్సు తేల్చును. సుళ్ళు చూచును, మూపు తడవును, నాలుగడుగులు నడిపించును. కొందరు నాగలికి కట్టి చూచిన గాని బయానా ఈయరు. ధర మాత్రము దళారి కండువా మాటున, వ్రేళ్ళు పట్టుకొని, నోరు మెదపకయే కుదురును.

కారును చూచు విద్యయు ఈ విద్యకు తోబుట్టువే. టైరు ప్రక్కన అచ్చొత్తిన నాలుగంకెలు దాని జాతకము: 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని అర్థము. మీటరు ముప్పదివేల కిలోమీటర్లే చూపుచుండగా కాలిక్రింది పెడలు రబ్బరు అరిగి నున్నబడి, స్టీరింగు చక్రపు తోలు జిడ్డుదేరి యున్నచో, మీటరు అబద్ధమాడుచున్నదని శంకింపవలెను. పొగ రంగు కూడ మాటలాడును. నీలిపొగ ఇంజనులో నూనె కాలుచున్నదనియు, నల్లపొగ పెట్రోలు మితిమీరి పోవుచున్నదనియు, ఇంజను వేడెక్కిన తరువాతను తగ్గని తెల్లపొగ చల్లదనపు నీరు లోనికి దిగుచున్నదనియు తెలుపును.

టాపు మడిచెడి కారులో ఇంకొక రహస్యము కలదు. దీనిని తరగతిలో ఒక అట్టపెట్టెతో చూపవచ్చును. మూత అంటించియున్న పెట్టెను రెండు చేతుల పట్టి మెలిపెట్టినచో అది సులభముగ లొంగదు. మూతను కత్తిరించి మెలిపెట్టినచో వెంటనే వంకర పోవును. మామూలు కారులో నేల, ప్రక్కలు, కప్పు కలిసి ఒక మూసిన పెట్టె వలె బలము నిచ్చుకొనును. కప్పు లేని కారునకు ఆ బలము నేలనుండియు, తలుపుల క్రిందనుండు గుమ్మపు రేకులనుండియు రావలెను. అందుచేతనే తయారీదారులచ్చట అదనపు ఉక్కును చేర్తురు. ఆ నేల, ఆ గుమ్మములు త్రుప్పుపట్టినచో కారు వెన్నెముక దెబ్బతినినట్లే. తలుపు మూయబోగా సరిగ కూర్చుండకుండుట, తలుపు సందు ఒకచోట వెడల్పుగను ఒకచోట ఇరుకుగను ఉండుట దీనికి గుర్తులు. పైన మెరుగుపెట్టిన రంగెంత నిగనిగలాడినను ఈ లోపమును సరిదిద్దలేదు.

మరి ఆ నేల త్రుప్పుపట్టుటెట్లు? మడిచిన టాపు వెనుక చేరు వర్షపునీరు బయటికి పోవుటకు సన్నని గొట్టములుండును. వానిలో ఆకులు చేరినచో నీరు దారి తప్పి లోపలికి దిగి, కాళ్ళక్రింద పరచిన పట్టా అడుగున నిలిచిపోవును. పైకి పట్టా పొడిగనే కనబడుచుండగా క్రింద రేకు తడిసి పుచ్చుచుండును. మాస్టారి కారునకు జరిగినదదియే. ఎండనుండి కాపాడునని ఆయన ఏ వేపచెట్టు నీడను కారు నిలిపెనో, ఆ వేపచెట్టు ఆకులే వాననాడు గొట్టములను మూసినవి.

మెకానిక్కు పట్టా ఎత్తి చూచి, స్క్రూడ్రైవరుతో ఒకచోట పొడిచెను. రేకు అప్పడమువలె విరిగినది. ఆతడు మాస్టారి ముఖము చూచి జాలిపడి ఉపాయము చెప్పెను: “ఏం కాదు సారు, పైకెళ్ళి కొత్త పట్టా ఏస్తే ఎవ్వలకు తెల్వది.”

బర్రెను నీళ్ళలోనికి దింపుట యన్నది ఇదియే.

అమెరికను పండితుని నిమ్మకాయ

ఈ బర్రె సమస్యనే ఒక అమెరికను ఆర్థికశాస్త్రజ్ఞుడు పాత కారు పేర లోకమునకు తెలిపెను. ఆయన పేరు జార్జి అకర్లాఫ్. అమెరికాలో పనికిమాలిన కారును వాడుకలో “నిమ్మకాయ” అందురు. 1970లో ఆయన నిమ్మకాయల విపణిని గూర్చి ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. అంతకు మునుపు మూడు పత్రికలు దానిని త్రిప్పి పంపినవి. విషయము అల్పమైనదని కొందరు సంపాదకులు తలంచిరి. 2001లో ఆయనకు మరి యిద్దరితో కలిపి ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించుటకు ఆ వ్యాసమే ప్రధాన కారణమయ్యెను. 1967-68 సంవత్సరములలో ఆయన ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో గడపెను. బియ్యములో ఆ రంగువే, ఆ ఆకారమువే రాళ్ళు కలిపి అమ్ముటను, భారతీయ గృహిణి వానిని ఓపికగ ఏరుటను కూడ ఆయన తన వ్యాసమున ఉదాహరణముగ తీసికొనెను.

ఆయన వాదమును బడిపిల్లల లెక్కగా చెప్పవచ్చును. ఒక ఊరిలో పది పాత కార్లు అమ్మకమునకున్నవి. ఐదు మంచివి, ఒక్కొక్కటి నాలుగు లక్షలు చేయును. ఐదు చెడ్డవి, ఒక్కొక్కటి రెండు లక్షలు చేయును. పైకి పదియు ఒకటే తీరుగ మెరయుచున్నవి. ఏది మంచిదో తెలియని కొనుగోలుదారు సరాసరి లెక్కించి మూడు లక్షలకు మించి ఈయనని కూర్చుండును. మంచి కారు గలవాడు నాలుగు లక్షల సొత్తును మూడింటికి ఏల ఈయవలెనని కారును ఇంటికి తోలుకొనిపోవును. ఐదు మంచి కార్లును ఇట్లు అంగడి వీడిన పిదప మిగిలినవన్నియు చెడ్డవే. అది గ్రహించి కొనువారు రెండు లక్షలకు దిగుదురు. చివరకు ఆ అంగడిలో మంచి కారు కనబడదు, మంచి ధరయు పలుకదు.

ఈ లెక్కలో దొంగ యెవ్వడును లేకున్నను నష్టము కలుగుచున్నది. మంచివాడు తన కారు మంచిదని చెప్పిన నమ్మువారు లేరు, ఏలయన చెడ్డకారు గలవాడును ఆ మాటయే చెప్పును. నోటిమాట ఖరీదు లేనిదైనచో నిజమునకును అబద్ధమునకును ఒకటే వెల కట్టబడును. మరి నిజమునకు గుర్తేమి? చెప్పువానికి ఖర్చగు మాట. తన సరకు గుణమును పొగడువానికి పోవునదేమియు లేదు. తన సరకు లోపమును చెప్పువాడు తన జేబులోనుండి చెల్లించుచున్నాడు. కాబట్టియే ఆతని మిగిలిన మాటలు నమ్మదగినవగుచున్నవి.

మూడు గుఱ్ఱములు

చెప్పకుండుట మోసమా? ఈ ప్రశ్నకు భారతదేశపు చట్టము చెప్పు సమాధానము విద్యార్థులు తప్పక తెలిసికొనదగినది. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము పదునేడవ సెక్షను మోసమును నిర్వచించుచు, ఒక గుఱ్ఱపు బేరమును ఉదాహరణముగ చూపును. ఒకడు రోగపు గుఱ్ఱమును తెలిసియే వేలములో అమ్మును. దాని రోగమును గూర్చి ఏమియు పలుకడు. అది మోసము కాదు. రెండవ ఉదాహరణమున కొనునది అమ్మువాని కుమార్తెయే, అప్పుడే యుక్తవయస్సు వచ్చినది. అచ్చట వారి సంబంధమునుబట్టి నిజము చెప్పుట ఆతని విధి. మూడవ ఉదాహరణమున కొనువాడు, “నీవు కాదనకున్నచో గుఱ్ఱము మంచిదే యనుకొందును” అనును. అమ్మువాడు మౌనము వహించును. ఆ మౌనము మాటతో సమానము.

ఒకే గుఱ్ఱము, ఒకే మౌనము. ఎదుటివాడు ఏ నమ్మకముతో నిలిచియున్నాడన్నదే భేదము. చెన్నూరు మాస్టారి బేరము ఈ మూడింటిలో దేనిని పోలినది? దానికి కొనువాడు రావలెను.

ధర కట్టుట

కుమారుడు కొన్న ధరను తలచుకొని ఆశపడిన ప్రయోజనము లేదు. బీమా లెక్కలో కారు విలువ ఆరు నెలల లోపుననే నూటికి 5 వంతులు తరుగును. ఏడాది లోపున 15, రెండేండ్లకు 20, మూడేండ్లకు 30, నాలుగేండ్లకు 40, ఐదేండ్లకు 50 వంతులు. అటుపై బీమా కంపెనీయు యజమానియు కలిసి ఒప్పుకొన్నదే విలువ. స్పోర్ట్సు కారు విషయమున అంగడి ధర ఈ లెక్కకును లోబడదు. కోరువాడు వచ్చిననాడు హెచ్చును. రాకున్న పాత ఇనుపధరకు దిగును.

వయస్సు ముదిరినకొలది విలువ పెరుగునని కొందరు భ్రమపడుదురు. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్ల వరకు చెల్లును. ఆపైన పరీక్ష చేయించి ఐదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము పురాతన వాహనమను గౌరవము, “వి.ఏ.” అక్షరములు గల ప్రత్యేకమైన నంబరు పలకయు దొరకవలెనన్నచో ఆ బండికి ఏబది యేండ్లు దాటవలెను, దాని అసలు రూపము చెడకుండవలెను. పదునైదింటికిని ఏబదికిని నడుమ నున్నది వట్టి పాత కారే.

మాస్టారు ఇద్దరు ముగ్గురిని విచారించి, కారు నిక్షేపముగ నున్నచో నాలుగు లక్షలు పలుకునని తెలిసికొనెను. నేలరేకు కోసి క్రొత్తది వెల్డింగు చేయించుటకు, గొట్టములు మార్చుటకు, చిరుగుపట్టిన టాపు కుట్టించుటకు డెబ్బదివేలగునని మెకానిక్కు లెక్క చెప్పెను. క్రొత్త పట్టాకు మాత్రము మూడు వేలు చాలును. మూడు వేలకును డెబ్బదివేలకును మధ్యనున్నదే ఆయన పరీక్ష.

కొనువాడు వచ్చెను

వచ్చినవాడు ఆయన పూర్వవిద్యార్థియే. సింగరేణి గనిలో ఉద్యోగము, క్రొత్తగ పెండ్లియైనవాడు; బోనసు డబ్బులు చేతబట్టుకొని వచ్చెను. కారు చుట్టు ఒక్కసారి తిరిగి, టాపు మడిచి, విప్పి, చిన్నపిల్లవానివలె నవ్వెను. తరువాత తలుపు మూసి యిట్లనెను:

“నాకు బండ్ల సంగతి అంత తెల్వది సారు. మెకానిక్కును తోల్కరాలె. ఏమన్న కొరత ఉంటె మీరే చెప్తరు గద.”

ఇది మూడవ గుఱ్ఱము. గురుశిష్య సంబంధమును బట్టి చూచిన రెండవ గుఱ్ఱము కూడ. అనుమానించి పదిచోట్ల పొడిచి చూచువానిని మోసగించుట కష్టము. నమ్మి చేతులు కట్టుకొని నిలిచినవానిని మోసగించుట సులభము. బ్రతుకంతయు లెక్క తప్పినచోట ఎఱ్ఱసిరాతో గీత గీచిన చేయి ఇప్పుడు పట్టా అంచుపై నుండెను.

మాస్టారు పట్టా ఎత్తెను. “ఇటు రా బిడ్డా, వంగి చూడు. నీళ్ళు దిగి రేకు తిన్నది. ఇది బాగుచేయించకుంట నడిపితె తలుపులు వంకరపోతయి, దెబ్బ తాకితె బండి ఆగది. డెబ్బై వేలయితయన్నడు. ఇంజను మటుకు మంచిగుంది, గేర్లు మంచిగున్నయి, టైర్లు రెండు మార్చాలె.”

కుఱ్ఱవాడు వంగి చూచి చాలసేపు మాటాడలేదు. ధర మూడు లక్షల ముప్పదివేలకు కుదిరినది. ఇంజను విషయమున వాడొక్క ప్రశ్నయు వేయలేదు. పట్టా ఎత్తి చూపినవాడు ఇంజను మంచిదన్నచో అది మంచిదే యని వానికి తోచియుండును. అకర్లాఫ్ లెక్కలో అంగడి వీడిపోయిన మంచి కారునకు మరల తగిన ధర దొరకు దారి ఇదియే. మాస్టారికి డెబ్బదివేలు తగ్గినవి. కాని ఇంజనుమీద, గేర్లమీద అనుమానపు తరుగు పడలేదు.

తాళము ఇచ్చినంతమాత్రమున

డబ్బు చేతికి వచ్చి, తాళము చేతి నుండి పోయినంత అమ్మకము ముగిసినదని పెక్కుమంది తలంతురు. చట్టము దృష్టిలో అప్పుడది సగమే. మాస్టారు తాను కారు యజమాని కాడు, ఆర్.సి.లో నున్నది కుమారుని పేరు. కావున 29వ ఫారము రెండు ప్రతులపైనను, 30వ ఫారముపైనను కుమారుని సంతకమే కావలెను. అప్పుతో కొన్న కారైనచో అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చు 35వ ఫారమును, వేరు రాష్ట్రమునకు పోవు కారైనచో 28వ ఫారముతో నిరభ్యంతర పత్రమును కావలెను. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ఏబదవ సెక్షను ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మినవాడు పదునాలుగు దినములలో రవాణాశాఖకు తెలుపవలెను. కొన్నవాడు ముప్పది దినములలో తన పేరునకు మార్పించుకొనవలెను. బీమా కంపెనీకి కొన్నవాడు పదునాలుగు దినములలో తెలియజేయవలెను. ప్రమాదములు లేక నడిపినందుకు బీమాలో దొరకు తగ్గింపు కారుతో పోదు, యజమానితోనే యుండును. ఫాస్టాగు రద్దు చేయించుట, చెల్లింపని చలానాలు కట్టివేయుట అమ్మినవాని పని.

ఈ కాగితములను అలక్ష్యము చేసిన ఫలమెట్టిదో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పొకటి తెలుపును. ఒకడు 2007లో తన కారును అమ్మెను. అది చేతులు మారుచు నాల్గవవాని యొద్దకు చేరినది. ఎవ్వరును రిజిస్ట్రేషను మార్పించుకొనలేదు. 2009లో ఆ కారు వెనుకకు నడచుచు ఇద్దరిని ఢీకొనగా ఒకరు మరణించిరి. పరిహారము ఎవరు చెల్లింపవలెనను ప్రశ్నకు న్యాయస్థానము, పుస్తకములో ఎవని పేరున్నదో వాడే యజమాని యని తేల్చినది. కారును కంటితో చూచి రెండేండ్లయినవానిపై ఆ భారము పడినది. బాధితులు యజమాని వెంట యజమానిని వెదకుచు తిరుగవలసిన అగత్యము ఉండరాదన్నదే ఆ తీర్పులోని న్యాయము.

దళారులకు ఖాళీ ఫారములపై సంతకము చేసి ఇచ్చుట ఈ ప్రమాదమునకు తలుపు తెరచుటయే. 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమముల ప్రకారము, అనుమతి పొందిన పాతవాహనముల వర్తకునికి బండి అప్పగించి రవాణాశాఖకు తెలిపినచో అప్పటినుండి బాధ్యత వర్తకునిదే. చేతి నుండి చేతికి అమ్మువారికి మాత్రము తమ జాగ్రత్తయే రక్ష.

మాస్టారి కుమారుడు సంతకము చేసి పంపిన కాగితములలో కొనువాని పేరు, తేదీ, వేళ ఖాళీగ నుండెను. ఆయన వానిని తన గుండ్రని దస్తూరితో నింపిన పిదపనే తాళము ఇచ్చెను. నేలరేకు లోపమును, దానికి తగ్గించిన ధరను వేరొక కాగితముపై వ్రాసి, ఇరువురును సంతకములు చేసి, చెరియొక ప్రతి ఉంచుకొనిరి. నిజము చెప్పినవానికి వ్రాతతో పనియేమి యని కుఱ్ఱవాడు నవ్వగా, చెప్పినది మరచిపోవుట మనుష్యస్వభావమనియు, వ్రాసినది ఇరువురిని కాపాడుననియు ఆయన చెప్పెను.

సాయంకాలము ఎండ తగ్గిన పిదప కుఱ్ఱవాడు టాపు మడిచి మంచిర్యాల దారి పట్టెను. వేపచెట్టు క్రింద కారు నిలిచిన మేర నేల పొడిగ, చుట్టును రాలిన ఆకులతో మిగిలినది.

ఆ నెల చివర మాస్టారు ఫోనులో రవాణాశాఖ వారి యాప్ తెరచి కారు నంబరు కొట్టి చూచెను. యజమాని పేరు మారియుండెను. అదే సంగతిని కుమారునికి రెండు ముక్కలలో వ్రాసి, డెబ్బదివేలు ఏల తగ్గినవో మూడవ ముక్కలో చేర్చెను. తొలకరి వానలు పడిన మఱునాడు శిష్యుని యొద్దనుండి కబురు వచ్చినది: “నేల తడ్వలేదు సారు.”